పద్నాలుగు డబ్బాలు

ఎండాకాలంలో ఆ తెల్ల డబ్బాలు మొదటిసారి వచ్చినప్పుడు కాలనీలో నవ్వని మనిషి లేదు. చాపాడుకు అవతల, కుందూ ఒడ్డున పద్నాలుగు యానాది ఇండ్లు. ప్రొద్దుటూరు నుంచి ఆర్షియా అనే ల్యాబు పిల్ల స్కూటీ మీద వచ్చి ఇంటికొక డబ్బా చేతిలో పెట్టింది. పిల్లల దొడ్డికి అందులో వేపకాయంత పెట్టి మర్నాడు పొద్దున ఇవ్వాలంది.

"దీన్ని తీసుకపోయి ఏం చేస్తారుమ్మే? దుడ్లిస్తారా?" అని ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

పిల్లల కడుపుల్లో పురుగులు ఏ కాలంలో ఎక్కువ, ఏ కాలంలో తక్కువ అని చూస్తున్నారట. ఎండల్లో ఒకసారి, వానలు పడ్డాక ఇంకోసారి.

వారం తిరిగేసరికి ఆ నవ్వు పోయింది. ఆర్షియా కాగితం పట్టుకుని కాలనీ నడిమధ్య నిలబడి, అందరూ వింటుండగా పేర్లు చదివింది. చెడ్డ పిల్ల కాదు, తొందర పిల్ల. ఎవరి చీటీ వాళ్ల చేతిలో పెట్టి పోవచ్చునని ఆమెకు తోచలేదు, అంతే. ఐదిండ్ల పిల్లలకు పురుగులు బాగా ఉన్నాయి, ఎనిమిదిండ్ల పిల్లలకు కొద్దిగా ఉన్నాయి. శ్యామలమ్మ కూతురు రేణుకకు ఒక్కదానికే లేవు.

"నువ్వేం చేస్తాండావక్కా?" అని ఆర్షియా మెచ్చుకోలుగా అడిగింది.

శ్యామలమ్మకు జవాబు తెలుసు. కాలనీ పిల్లల్లో రోజూ బడికి పోయేది రేణుక ఒక్కతే. మాఘమాసంలో బళ్లో పురుగుల మాత్ర మింగించారు. రెండు రోజులకు పిల్ల కడుపులోంచి పడినవాటిని శ్యామలమ్మ కళ్లారా చూసి, మన్ను కప్పింది. ఆ సంగతి చెప్పడానికి నోరు తెరిచింది కూడా. కానీ పదమూడు మంది ఆడవాళ్లు తనవైపే చూస్తున్నారు. పుట్టి బుద్ధెరిగినాక తనను అందరూ అట్లా చూడటం అదే మొదలు.

"నీళ్లు కాంచి తాపిస్తా" అంది.

కట్టెపుల్ల దొరికితే సంగటి ఉడికే ఇల్లు అది. అయినా ఆ మాట ఎంత ఇంపుగా ఉందంటే, సాయంత్రానికి శ్యామలమ్మ తనే సగం నమ్మేసింది.

ఆర్షియా పదమూడిండ్లకూ మాత్రలిచ్చి పోయింది. వాటిని చూస్తే కాలనీకి భయం. అవి మింగితే పురుగు నోట్లోంచి వస్తుందని ఎవరో ఎప్పుడో చెప్పారు. పక్కింటి వెంకటలక్ష్మమ్మ మాత్ర అరచేతిలో పెట్టుకుని వచ్చింది. ఆమె కొడుకు హరినాథ్‌కు నాలుగేండ్లు.

"అక్కా, నీ బిడ్డకు ఎప్పుడన్నా ఇట్లాంటివి వేసినావా? ఏం కాదు గదా?"

"మా రేణుకకు మాత్రలెందుకుమ్మే?" అంది శ్యామలమ్మ.

వెంకటలక్ష్మమ్మ ఆ మాత్రను కుందూలో పారేసింది. మిగతావాళ్లూ అదే పని చేశారు.

పేర్లు చదివిన సంగతి ఆర్షియా స్కూటీ కన్నా ముందే ఊళ్లోకి పోయింది. మీ కడుపుల్లో పురుగులంట కదా అని రైతుల ఇండ్లలో కలుపుకు పిలవడం మానేశారు. శ్యామలమ్మను మాత్రం పిలిచారు. ఊరి ఆడవాళ్లు నీళ్ల బిందె తన చేతికే ఇచ్చి ముంచుకోమంటే, ఆమె మెడ రెండంగుళాలు పొడుగైంది. సాటి ఆడవాళ్లు ఇంట్లో ఖాళీగా కూర్చున్నారన్న బాధ లేకపోలేదు. ఉంది గానీ, బిందె బరువు ముందు అది తేలిపోయింది.

వానలొచ్చాయి. కుందూ పొంగి గుమ్మాల దాకా వచ్చి, బురద వదిలి వెనక్కి పోయింది. పిల్లలు ఆ బురదలోనే ఆడారు, ఆ నీళ్లే తాగారు. రేణుకకు మాత్రం బళ్లో ఇంకో మాత్ర పడింది. ఎవరు ఎక్కడ దొడ్డికి కూర్చున్నదీ, ఏ నీళ్లు ఎటు పారిందీ అడగాల్సిన పనిలేదు. అప్పుడు మళ్లీ వచ్చాయి డబ్బాలు.

తెల్లవారకముందే వెంకటలక్ష్మమ్మ కొంగు చాటున డబ్బా పెట్టుకుని వచ్చింది.

"అక్కా, నీ కాళ్లు మొక్కుతా. నీ బిడ్డది రవ్వంత దీంట్లో పెట్టియ్యి. మళ్లా మావాని పేరు చదివితే మమ్మల్ని ఎవరు పనికి పిలుస్తారు?"

ఉన్నమాట చెప్పుకోవాలి, శ్యామలమ్మకు సంతోషమైంది. వేపపుల్లతో తీసి పెట్టింది. ఆమె పోయిందో లేదో ఇంకొకామె వచ్చింది, ఆమె వెనక ఇద్దరు. పెండ్లిలో లడ్డూలు పంచినట్టు పంచింది శ్యామలమ్మ. రేణుకది చాలకపోతే పిల్లను మళ్లీ కూర్చోబెట్టి, "ఇంగొంచెం రానీ తల్లీ" అని బతిమాలింది. రేణుక ఏడ్చింది, ఆడవాళ్లు నవ్వారు, పద్నాలుగు డబ్బాలూ నిండాయి.

అన్నీ ఒకే రంగులో ఎందుకున్నాయని అడగడానికి ఆర్షియాకు తీరిక లేదు. ఆ రోజు ఆమె ఇంకా నాలుగూళ్లు తిరగాలి. ఈసారి చీటీలు మాత్రం ఎవరివి వాళ్లకిచ్చింది. అన్నింటిలోనూ పురుగులు లేవనే ఉంది.

"జమ్మలమడుగు కాడ, పులివెందుల తండాల్లో ఈ వానలకు పురుగులు రెండింతలైనాయి. మీ కాడ మాత్రం గుండుసున్నా! అందరూ నీళ్లు కాంచుకుంటాండారా?" అంటూ, తెచ్చిన మాత్రలను తిరిగి సంచిలో వేసుకుని జిప్పు లాగింది.

ఆ జిప్పు మూసుకోవడం శ్యామలమ్మ చూసింది. ఉండు పాపా, అనాలనిపించింది. అంటే తనొక్కతే కాదు, పద్నాలుగిండ్లూ బజారున పడతాయని తనకు తాను సర్ది చెప్పుకుంది. మన పిరికితనానికి పదిమంది పరువు అడ్డం పెట్టుకోవడం కన్నా సులువైన పని ఏముంది!

మూడు వారాలకు హరినాథ్ పొట్ట బిగుసుకుపోయింది. తిన్నది నిలవడం లేదు, పచ్చగా కక్కుతున్నాడు. ఆటోలో ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకుపోతుంటే శ్యామలమ్మ కూడా ఎక్కింది. ఎవరూ రమ్మనలేదు. ఇంట్లో కూర్చోలేకపోయింది.

డాక్టరమ్మ ప్రియదర్శిని పొట్ట నొక్కి చూసింది. "పురుగుల మాత్ర ఎప్పుడైనా వేశారా? పరీక్ష కాగితాలేమైనా ఉన్నాయా?"

వెంకటలక్ష్మమ్మ రొంటిన దాచుకున్న చీటీ తీసింది. ఇవ్వాలా వద్దా అని చేతిలోనే పట్టుకుంది. నర్సు అందుకుని డాక్టరమ్మకిచ్చింది.

"మూడు వారాల కిందటిదే. పురుగులు లేవు. అయితే ఇది వేరే సంగతి. కడపకు రాసిస్తాను, అక్కడ స్కాను తీయించాలి. ఆలస్యం చేయొద్దు."

వెంకటలక్ష్మమ్మ శ్యామలమ్మ వైపు చూసింది. శ్యామలమ్మ నేల వైపు చూసింది. ఇద్దరికీ తెలుసు. చుట్టూ జనం వరసలో నిలబడి ఉన్నారు. యానాదోళ్లు ఒకరి దొడ్డికి ఇంకొకరి డబ్బాలో పెట్టారంటే, ఆ నవ్వు ప్రొద్దుటూరు నుంచి చాపాడు దాకా వినిపిస్తుంది. బల్ల మీద పిల్లవాడు మూలగడం కూడా మానేశాడు. డాక్టరమ్మ పెన్ను తీసి రాయడం మొదలుపెట్టింది.

"అది వానిది కాదు మేడం" అంది శ్యామలమ్మ. తన గొంతు తనకే వినపడలేదు. మళ్లీ అంది. "ఆ డబ్బాలోది నా బిడ్డది. నేనే పెట్టిచ్చినా. పద్నాలుగు డబ్బాల్లోనూ నా బిడ్డదే."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. సిగ్గు కాళ్ల నుంచి చెవుల దాకా పాకి శ్యామలమ్మ ఒళ్లంతా మండింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు, తిట్టలేదు. రాస్తున్న కాగితం చించేసి పిల్లవాణ్ణి ఎక్స్‌రేకు పంపింది.

పురుగులు ఉండగట్టి పేగుకు అడ్డం పడ్డాయి. ముక్కులోంచి గొట్టం వేసి, సెలైను పెట్టి రెండు రోజులు కాచుకున్నారు. మూడో రోజు పిల్లవాడు ఆకలంటూ ఏడ్చాడు. ఆ ఏడుపు విని శ్యామలమ్మ గోడకు చేరబడి కూలబడింది. తను చెప్పబట్టే బతికాడు కదా అనే ఒక చిన్న గర్వం అప్పుడు కూడా లోపల తల ఎత్తబోయింది.

"నన్ను చమించు మే" అంది వెంకటలక్ష్మమ్మతో. "నేను ఇయ్యకుండా ఉండాల్సింది."

"ఇచ్చినందుకు నేనేం అనుకోలేదులే. వచ్చి అడిగింది నేనే గదా." వెంకటలక్ష్మమ్మ కొడుకు తల నిమురుతూ, శ్యామలమ్మ వైపు తిరగకుండానే అంది. "నిన్న రేణుక కాలనీవాళ్లతో ఈడికి వచ్చింది గదా, మావానికి ధైర్నం చెప్తాండె. నేనూ బళ్లో మాత్ర మింగినా, ఏం కాల్యా, పురుగులన్నీ పోయినాయి అని. ఎండాకాలంలో నేను అరచేతిలో మాత్ర పెట్టుకోని నీ ఇంటికి వచ్చింటినే అక్కా. పెంట పద్నాలుగిండ్లకు పంచినావు. ఆ ఒక్క మాట పంచలేకపోయినావా?"

శ్యామలమ్మ గోడ పట్టుకుని లేచింది. డాక్టరమ్మ దగ్గరికి పోయి పదమూడిండ్లకూ మాత్రలు అడిగి తీసుకుంది. చాపాడు బస్సెక్కి వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మొదటి గుమ్మం ముందు ఏమని మొదలుపెట్టాలో దిగేదాకా ఆమెకు తోచలేదు.