తొమ్మిదో చేప ఆసుపత్రి

నేను ఒక చిన్న గాజు తొట్టిని. ఆరోగ్యంగా ఉన్న చేప నా ముఖం చూడదు. విశాఖపట్నంలో శేషగిరి ఇంటి హాలుకు పెద్ద అక్వేరియం కట్టగా మిగిలిన గాజు ముక్కలను అతికించి నన్ను చేశారు. ఆ లెక్కన మేమిద్దరం తోబుట్టువులం. దానికి దీపాలు, పగడపు రాళ్లు, మెచ్చుకునే అతిథులు దక్కారు. నాకు ఒక గాలిబుడగల గొట్టం, వంటింటి గట్టు దక్కాయి. అక్కడి నుంచి హాలు కనబడుతుంది, కిటికీలోంచి సముద్రమూ కనబడుతుంది. అంత సముద్రం ఎదురుగా ఉండగా ఈ ఇంట్లో ప్యాకెట్ ఉప్పు కలిపి సముద్రాన్ని తయారు చేస్తారు.

శేషగిరి అపార్టుమెంట్లు కడతాడు. ఈశాన్యంలో తొమ్మిది చేపలుండాలనీ, ఎనిమిది ఎర్రనివీ ఒకటి నల్లదీ కావాలనీ, ఇంటి దిష్టినంతా నల్లది లాక్కుంటుందనీ వాస్తు సిద్ధాంతి ఆయనకు చెప్పాడు. మంచినీటి చేపలు అందరిళ్లలోనూ ఉంటాయి గనుక ఆయన ఎరుపులోనూ నలుపులోనూ దొరికే ఉప్పునీటి క్లౌన్ చేపలను తెప్పించాడు. చేపలకు వాస్తు తెలియదు. వాటిలో పెద్ద ఆడది పెత్తనం చేస్తుంది, తక్కినవి ఒదిగి ఉండాలి. ఆ పెద్దది నల్లదాన్ని ఎంచుకుంది.

ఒక స్థలం తగాదా తెమిలిన రోజునే నల్ల చేప తోక చిరిగి కనబడింది. శేషగిరి భార్య వకుళ పెళ్లికి ముందు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. టార్చి వేసి చూసింది.

"జబ్బు కాదండీ. కుళ్లితే అంచు తెల్లబడి దూదిలా పీచు లేస్తుంది. ఇది చూడండి, పంటితో తుంచినట్టు వంపుగా ఊడింది. ఆ పెద్దదే కొరుకుతోంది."

"కప్పల్ని కోసినదానివి, నీకలాగే కనపడతాది మరి. దిష్టంతా దాని మీద పడిపోనాది. మన తగాదా ఊరికే తెమిలిపోనాదనుకున్నావేటి?"

"పెద్దదాన్ని షాపుకి తిరిగిచ్చేద్దాం. లేదంటే దీన్నైనా విడిగా ఉంచుదాం."

"తొమ్మిది తగ్గకూడదన్నారు కదేటే. నయం చేసి మళ్లీ అందులోనే వెయ్యి."

పెద్ద తొట్టి నీటికి సరితూగేలా ఉప్పూ వేడీ చూసి వకుళ నన్ను నింపింది. చిరిగిన తోక వలలో చిక్కుకోకుండా చేపను గిన్నెతో ముంచి తెచ్చింది. కొరికిన గాయానికి శుభ్రమైన నీరే ముందు కావాలని, కుళ్లు మొదలైతేనే మందు వేయాలని ఆమెకు తెలుసు. రోజూ కొంత నీరు మార్చింది, రొయ్యను సన్నగా తరిగి తినిపించింది. చిరిగిన చోట మొదట గాజులాంటి పల్చని పొర మొలిచింది. తర్వాత దానికి నలుపెక్కింది. నలుపెక్కగానే చేప హాలుకు వెళ్లింది. మళ్లీ చిరిగి వచ్చింది. మళ్లీ వెళ్లింది.

నన్ను చూసి అతిథులు ఈ ఇంటివారి దయను మెచ్చుకునేవారు. ఆ మాట నాకు రుచించేది కాదు. నేను లేకపోతే ఆ చేప మొదటి గాయానికే చచ్చేది, లేదా వకుళ పట్టుబట్టి పెద్దదాన్ని పంపేసేది. నేనున్నాను గనుక ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోనక్కర లేకపోయింది. గాయానికి వైద్యం దొరికే ఇంట్లో కొరికేదాన్ని ఎవరు అడుగుతారు?

చివరిసారి వచ్చినప్పుడు తోక మొదలంటా పోయింది. అంచు తెల్లబడి పీచు లేచింది, ఎర్రని గీతలు ఒంటి దాకా పాకాయి. వకుళ చెప్పిన దూది అదే. మందు కలిపింది. చేప నా అడుగున ఒక పక్కకు ఒరిగి, మొప్పలు మాత్రం ఆడిస్తూ ఉండి, ఆగిపోయింది.

ముందురోజే శేషగిరి కారుకు లారీ తగలబోయి తప్పింది. ఆయన నా ముందు నిలబడి, గుడిలోలా చెంపలు వేసుకున్నాడు.

"నా గండం పట్టుకెళ్లిపోనాది."

"గండం కాదు, ఆ పెద్దది చంపింది," అంది వకుళ. "పెద్దది అందులో ఉండగా ఇంకోదాన్ని వెయ్యకండి."

"ఎనిమిదితో ఇల్లు ఉంచమంటావేటి? దాని పని అది చేసింది. నీ పని నువ్వు చూసుకో."

సాయంత్రానికి ఇంకో నల్ల చేప వచ్చింది. తన మాట చెల్లలేదు గనుక ఇక వకుళ నన్ను కడిగి అటక మీద బోర్లిస్తుందనుకున్నాను. ఆమె నన్ను కడిగింది, నీళ్లు పోసింది, ఉప్పు కొలిచి కలిపింది. మందు సీసాను చేతికందేలా నా పక్కన పెట్టింది. హాల్లో కొత్త చేప, చిన్న చిరుగైనా లేని రెక్కలు విప్పుకుని, పెద్దదాని ముందు నుంచి ఈదుకుంటూ పోతోంది.