లోతట్టు ప్రాంతాల ప్రజలకు

కోరడమైనది అనే మాట దగ్గర గొంతు కాస్త దించాలి, దించి ఒక్క క్షణం ఆగాలి, అప్పుడే అది పెద్ద ఆఫీసులోంచి వచ్చిన మాటలా బరువుగా పడుతుంది, అనుకుంటూ అతను బుగ్గన ఉన్న లవంగాన్ని రెండో వైపుకి తోసి, ఆటో వెనక సీట్లో కాస్త ముందుకి జరిగి, మైకు మళ్లీ నోటి దగ్గర పెట్టుకున్నాడు, నదిలో నీటిమట్టం హెచ్చరిక స్థాయిని దాటినందున లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలసిందిగా కోరడమైనది, పొద్దుటి నుంచి ఇది ఎన్నోసారో గుర్తు లేదు, గొంతు మాత్రం చెక్కు చెదరలేదు, బట్టల కొట్టు తగ్గింపు ధరలకైనా, రక్తదాన శిబిరానికైనా, తప్పిపోయిన పిల్లాడికైనా పాతికేళ్లుగా ఈ ఊరికి ఇదే గొంతు, అందుకే అందరూ మైకు మాస్టారూ అని పిలుస్తారు, పొద్దున కాగితం చేతిలో పెడుతూ ఆఫీసు గుమాస్తా కూడా అలాగే పిలిచాడు, చూడండి మైకు మాస్టారూ, జనాన్ని హడలగొట్టకండి, మర్యాదగా, మెత్తగా చెప్పండి, తొక్కిసలాట అయితే నా ఉద్యోగం ఊడుతుంది, ఆ సంగతి నాకు వదిలెయ్యండి సార్ అన్నాడు తను, మెత్తగా చెప్పడంలో తనని మించినవాడు ఎవడున్నాడు, నిజానికి ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పొంగుతోంది, సిగ్గు లేకపోతే సరి.

పెద్ద రోడ్లన్నీ తిరిగొచ్చిన ఆటో నది వైపు సందుల్లో మూడోదాని మొదట్లో ఆగింది, సందులోకి ఆటో పట్టదు, మొదట్లోనే రెండుసార్లు చదివి ముందుకి పోవడం పద్ధతి, గేటు పట్టుకుని నిలబడిన ఒకావిడ, ఎంతవరకు వస్తాయండీ నీళ్లు, మా గుమ్మం దాకా వస్తాయా అని అడిగింది, అతను కాగితం చూశాడు, వెనక్కి తిప్పి కూడా చూశాడు, అందులో ఆవిడ గుమ్మం సంగతి లేదు, అప్రమత్తంగా ఉండండమ్మా అన్నాడు, అంటే ఏం చెయ్యాలండీ, అంటే జాగ్రత్తగా ఉండాలమ్మా, జాగ్రత్తగానే ఉన్నాం కదండీ అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది, ఎదురింటి అరుగు మీద పడక్కుర్చీలో ఉన్న పెద్దాయన మాత్రం చెవి ఒగ్గి చివరిదాకా విని, పాపం ఆ లోతట్టు వాళ్లకి ఎంత కష్టమొచ్చిందయ్యా అని నిట్టూర్చాడు, ఆయన అరుగు రోడ్డుకి మూడు మెట్లు కింద ఉంది, అతనికి నవ్వొచ్చింది, నవ్వు పెదాల దాకా వచ్చి ఎందుకో అక్కడే ఆగిపోయింది, మధ్యాహ్నం రెండు దాటింది, ఇంకా ఏడు సందులున్నాయి, పోనీ అన్నా పోనీ అని డ్రైవర్ని తొందర చేశాడు, వంతెన మీదనుంచి వచ్చినవాళ్లు ఏదో గట్టిగా చెప్పుకుంటూ వెళ్తున్నారు, వినిపించలేదు, హారన్లలో తన గొంతే మోగుతోంది.

జేబులో ఫోను అదిరింది, అక్క, మైకు ఆపి ఎత్తాడు, ఒరేయ్, విన్నానురా, కిటికీ తలుపులు బార్లా తీసి కూర్చుని మరీ విన్నాను, అంత దూరం నుంచి కూడా ఒక్క అక్షరం పోలేదు, ఎంత బాగా చెబుతున్నావురా, పక్కింటావిడతో కూడా అన్నాను, మా తమ్ముడే అని, అన్నం తిన్నావా, మధ్యలో కుట్టుమిషను టకటక, ఆ టకటక వింటూనే కదా తను చదువుకున్నది, అక్క మిషను తొక్కుతూ పేపరు పైకి చదవమనేది, మాట మింగితే దారం తుంచి కోపంగా చూసేది, మళ్లీ చదువు, ఎదుటివాడికి అర్థమవ్వాలా వద్దా అనేది, ఎక్కడున్నావక్కా అన్నాడు, ఎక్కడికెళ్తానురా ఈ కాలుతో, పిండికట్టు విప్పడానికి ఇంకా పది రోజులుంది, బళ్లో పిల్లల చొక్కాలు ఆరు ఇచ్చెయ్యాలి, మీ బావ షిఫ్టు దిగి సాయంత్రం వస్తాడు, అవునుగానీ అక్కా, నేను చెప్పింది విన్నావుగా, విన్నాన్రా, లోతట్టు వాళ్లకి కదా, మనది చివరి సందేగానీ లోతట్టేమిట్రా, మనింటికి రెండు మెట్లున్నాయి, అతను చేతిలో కాగితం వంక చూశాడు, పొద్దుటి నుంచి అన్నిసార్లు ఆ మాట పలికిన తనకి కూడా, ఊరికి కొసన, నదికి ఆనుకుని ఉన్న ఆ సందులో కాలు విరిగి కూర్చున్న అక్క ఒక్కసారంటే ఒక్కసారి గుర్తు రాలేదు.

మాస్టారూ, ఆ కాలవ చూడండి అన్నాడు డ్రైవరు, ఆ గొంతులో ఉన్నదేమిటో అర్థమయ్యేలోపే కంటికి కనబడింది, రోడ్డు పక్క మురుగుకాలవలో ఒక కాగితం గ్లాసు తేలుతూ వెళ్తోంది, నది వైపు వెళ్లాల్సింది ఇళ్ల వైపు వస్తోంది, నింపాదిగా, దారి తెలిసినదానిలా, అంటే నది గట్టు దాటనక్కర్లేదు, కాలవల్లోంచే ఊళ్లోకి వచ్చేస్తోంది, ఇక్కడే ఇలా ఉంటే చివరి సందులో, పోనీ అన్నా పోనీ, ఏ సందూ ఆపకు, చివరికి పోనీ, ఆటో ఎగిరెగిరి పడుతోంది, ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది, అక్కా అక్కా అంటున్నాడు, మిషను టకటక ఆగింది, ఒరేయ్ నేల తడిగా ఉందేమిట్రా అంటోంది అక్క, కుండ గానీ ఒలికిందా.

చివరి సందు మొదట్లోనే చీలమండ దాకా నీళ్లు, ఆటో మొరాయించింది, దూకి పరిగెత్తాడు, డ్రైవరు వెనకే వచ్చాడు, మెట్లు రెండూ కనబడటం లేదు, తలుపు తోస్తే నీళ్ల బరువుకి ఒక పట్టాన తెరుచుకోలేదు, భుజంతో గుద్దాడు, లోపల అక్క కుర్చీలో, పిండికట్టు కాలు స్టూలు మీద, చొక్కాలు ఆరూ ఒళ్లో పెట్టుకుని తడవకుండా పట్టుకుని ఉంది, లే అక్కా, నీళ్లు, నీకే చెబుతున్నా, వదిలెయ్ ఆ చొక్కాలు, వదిలెయ్యి, పాతికేళ్లుగా ఒక్క అక్షరం తడబడని గొంతు ముక్కలు ముక్కలైంది, అరిచాడు, ఏడ్చాడు కూడా, ఇద్దరూ కుర్చీతో సహా ఎత్తి మోకాలి లోతు నీళ్లలో బయటికి తెచ్చారు, ఆ అరుపుకి సందులో తలుపులన్నీ తెరుచుకున్నాయి, ఏమైంది మాస్టారూ, ఏమైంది అంటూ పిల్లల్ని చంకనేసుకుని వచ్చేశారు, బడి మేడ మీదకి పదండి, ఇప్పుడే, ఏమీ తీసుకోకండి అన్నాడు, ఆ బడి మేడ సంగతి కాగితంలో ఎక్కడా లేదు, ఒక్కరూ ఎదురు అడగలేదు, కదిలారు, ఆ చివరింటి ముసలమ్మని ఎవరో వీపు మీద వేసుకున్నారు, డ్రైవరు చేతిలోంచి కుర్చీ ఒక కొస అందుకున్న సందు మనిషి నీళ్లు తన్నుకుంటూ నడుస్తూ, ఇంత ముంచుకొస్తుంటే ముందే చెప్పొచ్చుగా మాస్టారూ అన్నాడు, చెబుతూనే ఉన్నాను కదయ్యా పొద్దుటి నుంచి గొంతు చించుకుని, చెప్పారు, విన్నాం, మాకని అనుకోలేదు.

అక్క అతని మెడ చుట్టూ చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది, వెనక ఆరు సందులు ఇంకా ఉన్నాయి, మొదటి సందుల వాళ్లయితే రెండేసిసార్లు విని లోపలికి పోయి పడుకునుంటారు, గేటు దగ్గర ఆవిడ, అరుగు మీద పెద్దాయన, ఆయన మూడు మెట్లు, వాళ్లందరికీ వినబడింది, వినబడటంలో లోటేమీ లేదు, ఆ గుమాస్తాకీ తనకీ ఆ వాక్యం ఎంత నచ్చిందో వాళ్లకీ అంతే నచ్చి ఉంటుంది, మైకు ఇక అక్కర్లేదు, అక్కని బడి మెట్లెక్కించి తిరిగి వెళ్లాలి, ప్రతి తలుపూ బాదాలి, ఎందుకంటే లోతట్టు ప్రాంతాల ప్రజలు అనేవాళ్లు ఈ ఊళ్లో ఏ ఇంట్లోనూ లేరు, ఉన్నది ఆ గేటు దగ్గర పిన్నిగారూ, ఆ పడక్కుర్చీలో తాతగారూ, ఈ అక్కా, వాళ్లతో అతను ఆ మైకులో పొద్దుటి నుంచి ఒక్క మాట కూడా మాట్లాడలేదు.