ట్యూబు నడుమ నొక్కు

ఆ పొద్దు ఆకాశం మూసుకుపోయి ఉంది. వాన కురిసే మబ్బు కాదు, ఊరికే ఎండకు అడ్డంపడ్డ మబ్బు. అమీర్‌పేటలో తన ఇంటి కిటికీలోంచి దాన్ని చూసి జీవమణి ప్రాణం కాస్త కుదుటపడింది. ఎండ లేని రోజున ఆమె ముఖం తక్కువ మండుతుంది.

అయినా చున్నీ ముఖానికి చుట్టుకునే బయల్దేరింది. ఆ మబ్బు కూడా చివరిదాకా తోడు రాలేదు. పంజాగుట్ట చౌరస్తాలో బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆమె ఎక్కిన ఆటో ముందుకు కదలదు, వెనక్కి పోలేదు. అప్పుడే మబ్బు చీలి, ఎండ సూటిగా వచ్చి ఆమె చెంప మీద కూర్చుంది. చున్నీ లోపల మిరపపొడి చల్లినట్టయింది. దిగి నడుద్దామంటే ఎండ, కూర్చుందామంటే ఎండ.

జీవమణి పంజాగుట్టలో ఒక చర్మవైద్యుడి క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుంటుంది. వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం, డాక్టరు విక్రమ్ చెప్పిన జాగ్రత్తలు మరోసారి అప్పజెప్పడం ఆమె పని. ఎండలోకి పోయేముందు క్రీము రాసుకోండి, వేళకు నిద్రపోండి, ముఖాన్ని గట్టిగా రుద్దకండి, ఎవరో చెప్పారని మెడికల్ షాపులో ఏ ట్యూబూ కొనకండి. ఈ చివరి మాట చెప్పేటప్పుడు మాత్రం ఆమె చెయ్యి బల్ల కింద ఉన్న హ్యాండ్‌బ్యాగు మీదికి పోతుంది. ఆమె ట్యూబు అందులోనే ఉంటుంది.

కొలువులో చేరిన కొత్తలో, అంతకుముందు ఆ బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి చెప్పిన మందు అది. నిజానికి తామరకు రాసేది. రాసిన కొద్దిరోజులకే ముఖం తేటపడింది. చర్చిలో ఆడవాళ్లు ఏం రాస్తున్నావని చెయ్యి పట్టుకుని మరీ అడిగారు. మన క్లినిక్‌కు వేరే బోర్డు ఎందుకు, జీవమణి గారి ముఖం చాలదా అని డాక్టరు నవ్వుతూ అన్నాడు. ఆ మాటే మెడకు చుట్టుకుంది. పోనుపోను ఒక్క పూట రాయకపోతే ముఖం కందగడ్డలా ఎర్రబడి మండేది. రాస్తే తోలు పలచబడుతుంది. మానేస్తే బల్ల దగ్గర కూర్చునే వీలుండదు. బాగుచేసే మనిషి తలుపు అవతలే ఉన్నాడు. ఆయనకు చెప్పుకోవడమంటే ఆయన బోర్డును తన చేత్తో పీకేసినట్టే. అందుకే దట్టంగా పౌడరు అద్దుకుంటుంది. ఇంట్లోనూ పౌడరు లేకుండా బాత్‌రూములోంచి బయటికి రాదు.

రోజూలాగే క్లినిక్‌కు చేరగానే బాత్‌రూములో ట్యూబు తీసింది. ఆమె ఎప్పుడూ దాన్ని తోక నుంచి చుట్టుకుంటూ వస్తుంది. ఇవాళ నడుమ ఎవరో బొటనవేలితో నొక్కారు. భర్త యేసురాజు ఆమె బ్యాగు ముట్టుకోడు. ఇక ఇంట్లో ఉన్నది ఇంటర్ చదివే కూతురు జాయ్సీ ఒక్కతే. బిడ్డకు సుత నీ కళే వచ్చిందని పొద్దున టీ తాగుతూ యేసురాజు మురిసిపోయిన సంగతి గుర్తొచ్చింది. జీవమణి ట్యూబు మూత బిగించేసింది. రాసుకోవడానికి చెయ్యి రాలేదు. ఉత్త పౌడరు అద్దుకుని, రోజంతా ఆ మంటతోనే ఏ ట్యూబూ కొనకండని అందరికీ చెబుతూ కూర్చుంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి జాయ్సీ పాట నేర్చుకుంటోంది. ఆదివారం చర్చిలో పాడాలి. జీవమణి ట్యూబు తీసి ఆమె ముందు పెట్టింది.

పిల్ల తల దించుకోలేదు. "నువ్వు రాస్తలేవా మమ్మీ? నల్లగుంటే ముందట నిలబెట్టరు. ఆదివారం అయినంక మానేస్త."

"నేను సుత గట్లనే అనుకున్న."

ఆ ఒక్క మాట అని, జీవమణి సింకు దగ్గరికి పోయి ముఖం కడుక్కుని వచ్చింది. పౌడరు లేని తల్లి ముఖాన్ని జాయ్సీ చూసి చాలా కాలమైంది. ఉల్లిపొర లాంటి తోలు కింద ఎర్రటి నరాలు దారాల్లా అల్లుకుని ఉన్నాయి. పిల్ల చెయ్యి దానంతటదే తన చెంప మీదికి పోయింది.

"రేపు ఇద్దరం సారుకు చూపిచ్చుకుందాం" అంది జీవమణి. "నీ పేరు కింద నా పేరు సుత రాస్త."

"మరి నీ జాబ్?"

అది జీవమణికీ తెలియదు. అన్నం వార్చడానికి పొయ్యి దగ్గరికి పోయింది. ఆవిరి తగలగానే ముఖం పక్కకు తిప్పుకుంది. జాయ్సీ వచ్చి గిన్నె అందుకుని, తల్లిని భుజంతో మెల్లగా పక్కకు జరిపింది.

యేసురాజు పని నుంచి వచ్చాడు. భార్య ముఖం చూశాడు, ట్యూబు చూశాడు, తరవాత కూతురి ముఖం చూశాడు. పొద్దున తానన్న మాట గుర్తొచ్చిందేమో, చూపు దించుకున్నాడు. అన్నం ముందు ప్రార్థన మాత్రం గట్టిగా చేశాడు. ఆ తరవాత ముగ్గురూ పప్పుచారు కలుపుకుని తిన్నారు.