అమ్మ దాచుకున్న శనివారం

రండి, ఇలా ముందుకు జరగండి. గోడకి ఆనుకున్న పెద్దలు కూడా. గట్టిగా చెప్పే గొంతు నాకుంది గానీ, ఇది గట్టిగా చెప్పే కథ కాదు. చేతిలో ఫోనుంటే బోర్లా పెట్టండి. దేవుణ్ణి ఒక్కసారి తలుచుకోండి, నేనూ తలుచుకున్నాను. ఇక వినండి.

ఒకావిడ రఫూ పని చేసేది. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణంలో, వెనక చెక్క అడ్డం చాటున, కిటికీ పక్కన ముప్పై రెండేళ్ళుగా ఆవిడకి ఒకటే స్టూలు. నిప్పురవ్వ పడి కాలిన కోటు, ఎలుక కొరికిన శాలువా, మేకుకి తగులుకుని చిరిగిన పంట్లాం, అన్నీ ఆ అడ్డం మీదుగా లోపలికొచ్చేవి. ఏ బట్టొచ్చినా ఆవిడ ముందు దాన్ని తిరగేసేది. "పై వైపు మొహమాటపడుతుందమ్మా, లోపలి వైపు ఉన్నదున్నట్టు చెబుతుంది" అనేది. తర్వాత అదే బట్ట అంచు మడతలోంచి ఒక్కో పోగూ లాగి, ఆ పోగుతోనే చిరుగు మీద ఒక నిలువు, ఒక అడ్డం, ఒక పైన, ఒక కింద, నేసుకుంటూ పోయేది. బట్ట తీసుకెళ్ళేవాళ్ళు వెలుతురుకి ఎత్తి పట్టుకుని "ఎక్కడండీ చేశారు?" అని అడిగేవాళ్ళు. అడ్డం ఇవతల ఇస్త్రీ చేసే ఆయన నవ్వేవాడు. అడ్డం అవతల ఆవిడ కూడా నవ్వుకునేది. ఆవిడ పనికి అదే మెప్పు. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు. అసలు ఆవిడ మొహమే ఎవరూ చూళ్ళేదు.

ఆవిడకి ఒక్కతే కూతురు, ఊళ్ళో బస్సు నడుపుతుంది. అంత పొడుగు బస్సుని ఇరుకు సందులో తిప్పుతుంటే కాఫీ తాగేవాళ్ళు కప్పు దింపి చూసేవాళ్ళు. అలాంటి పిల్ల, ఒక సెలవులో అమ్మని పరాయి దేశంలో ఒక పట్నం చూపిద్దామని బయల్దేరదీసింది. మూడు రోజులు. ఆదివారం దిగడం, బుధవారం పొద్దున పది గంటల విమానానికి తిరుగు ప్రయాణం. ఎందుకంటే గురువారం కూతురికి పరీక్ష. కొత్త డ్రైవర్లకి నేర్పే పంతులమ్మ ఉద్యోగానికి. తొమ్మిదేళ్ళు ఎదురుచూస్తే వచ్చిన పిలుపు.

ఆ ప్రయాణానికి అమ్మ చేతిసంచిలో కళ్ళద్దాలు, సూదుల డబ్బీ, మోకాళ్ళ మాత్రలు, మడతపెట్టిన శనివారం పెట్టుకుంది.

ఆ ఇంటి ఆడవాళ్ళకి రోజు మడతపెట్టడం వచ్చు. కొందరి ఇళ్ళలో గొంతులు బాగుంటాయి, కొందరి ఇళ్ళలో లెక్కలు బాగా వస్తాయి, అలాగే ఇది. ఒక్కొక్కరికి ఒక్క రోజే. బతకాల్సిన రోజుని బతక్కుండా మడిచి దాచుకుంటే, ఎప్పుడు విప్పితే అప్పుడు పరుచుకుంటుంది. అమ్మమ్మ తన రోజుని పోవాల్సిన సాయంత్రం విప్పుకుంది. డాక్టరు సరేనని స్టెతస్కోపు సంచిలో పెట్టుకుని మర్నాడు వస్తానని వెళ్ళాడు. అమ్మమ్మ ఆ రోజంతా కూతురి చేత తల దువ్వించుకుని, మనవరాల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కబుర్లన్నీ అయ్యాకే వెళ్ళింది. అమ్మ శనివారం కూడా అందుకే దాచి ఉందని ఇంట్లో అందరికీ తెలుసు.

ఆదివారం గడిచింది, సోమవారం గడిచింది. వంతెనలు చూశారు, బొమ్మలు చూశారు. మంగళవారం పొద్దున హోటల్ కౌంటర్లో అమ్మాయి అడిగింది: "రేపు ఖాళీ చేస్తారా, ఇంకో రోజు పొడిగిస్తారా? సాయంత్రంలోగా చెప్పండి."

"చేసేస్తాం" అంది కూతురు, ఆలోచించకుండా.

ఆ మధ్యాహ్నం పాత నాటకశాల చూడ్డానికెళ్ళారు. రెండేళ్ళు మూసి బాగుచేసిన నాటకశాల. మర్నాడు సాయంత్రమే మొదటి ఆట. లోపల వేదిక మీద నేలదాకా వేలాడే ముదురెరుపు ఉన్ని తెర. చుట్టూ తాడు కట్టి, "ముట్టుకోరాదు" అని బోర్డు పెట్టారు. జనం పైకప్పు మీది బంగారు రంగు పూలు చూస్తున్నారు. అమ్మ పూలు చూళ్ళేదు. తాడు కింద దూరి, మోకాళ్ళ మీద కూర్చుని, తెర అంచు పట్టుకుని తిరగేసింది.

గంట మోగింది. మామూలుగా కాదు, నాటకశాల మొత్తం దద్దరిల్లేలా.

"అమ్మా! చెయ్యి తియ్యవే! జైల్లో పెడతారు!"

"ఉండవే. ఇక్కడ ఎవరో జిగురు పూశారు."

కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. వాడి వెనకే, మెడలో కొలత టేపు, వేళ్ళ నిండా సూదిపోట్లు, యాభై ఏళ్ళ మనిషి. నాటకశాల దర్జీ. తెర వెనక వైపు వెలుతుర్లో కనబడేసరికి ఆయన కాపలావాణ్ణి చేత్తో ఆపి, తల దించుకున్నాడు. కూతురు తన ఫోను మధ్యలో పెట్టింది. అది ఆయన మాట వీళ్ళ మాటలోకి, వీళ్ళ మాట ఆయన మాటలోకి తిప్పి చెబుతుంది. ఆయన ఏ మాటతో పిలిచాడో గానీ, ఫోను మాత్రం "అక్కగారూ" అంది.

"అక్కగారూ, నా తప్పే. నిచ్చెన జరుపుతుంటే కొక్కెం తగిలి మూరెడు చిరిగింది. నాకు కుట్టడం వచ్చు, నేయడం రాదు. భయమేసి జిగురుతో అతికించాను. ఇప్పుడది అట్టలా బిగుసుకుంది. తెర లేస్తే అక్కడ విరుగుతుంది. రేపు అందరూ చూస్తారు."

అమ్మ అరచెయ్యి చిరుగు మీద పెట్టి జ్వరం చూసినట్టు చూసింది. అంచు మడత ఎంత లోతుందో వేలు పెట్టి కొలిచింది. "పోగుకి లోటు లేదు" అంది. "జిగురు ఆవిరి పట్టి తియ్యాలి, పూటంతా పడుతుంది. తర్వాత నేత, ఇంకో పూట. ఒక రోజు పని తమ్ముడూ."

నాటకశాల బయట మెట్ల మీద తల్లీకూతుళ్ళు కూర్చున్నారు. నాలుగున్నరయింది. హోటల్‌కి జవాబు చెప్పాలి.

"పొడిగిద్దాం" అంది కూతురు. "ఎల్లుండి వెళ్దాం. పరీక్ష మళ్ళీ ఎప్పుడో రాస్తాను."

"తొమ్మిదేళ్ళయిందే."

"ఇంకో తొమ్మిది. నాకేం తొందర, బస్సులు ఎక్కడికీ పోవు."

"నోర్మూసుకో. నీ పరీక్ష నువ్వు రాస్తున్నావు."

"అయితే పద, వెళ్ళిపోదాం. ఊరు చూడ్డానికొచ్చాం గానీ చిరుగులు చూడ్డానికి రాలేదుగా మనం."

అమ్మ లేవలేదు. ఒళ్ళో ఉన్న చేతుల్ని చూసుకుంటూ కూర్చుంది. తర్వాత చేతిసంచిలోంచి శనివారం తీసింది. చేతిరుమాలంత, అంచులు కాస్త వాడిపోయి, వాన వాసన వేస్తూ.

కూతురు చటుక్కున దాని మీద చెయ్యి వేసింది. "అది మాత్రం వద్దు."

"నాదే కదా."

"నీదొక్కదానిదే కాదు! అది నువ్వు వెళ్ళేప్పటి రోజు. అమ్మమ్మ తల నువ్వు దువ్వలేదూ? మరి నేను? నేను లెక్కపెట్టుకుని ఉన్నానమ్మా ఆ రోజు మీద. ఎవరిదో తెర కోసం, మొహం కూడా గుర్తుండని మనిషి కోసం..."

"నీకు ఇష్టం లేకపోతే విప్పను" అంది అమ్మ. "విప్పాలన్నా ఒక్కదాని వల్ల కాదు. దుప్పటిలాంటిదే, ఇద్దరుండాలి."

చూడండి, తల్లి బలవంతం చెయ్యలేదు. అక్కడే ఆగింది. కూతురు అమ్మ చేతుల వైపు చూసింది. అమ్మ కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద అదేపనిగా కదులుతోంది, లేని పోగుని మెలిపెడుతూ. ముప్పై ఏళ్ళ పిల్ల, ఆ చేత్తో అన్నం తిన్న పిల్ల, ఆ చెయ్యి పనిలో ఉండగా ఒక్కసారీ చూళ్ళేదు. ఎప్పుడు దుకాణానికెళ్ళినా చెక్క అడ్డమే కనిపించేది.

"అమ్మా" అంది చివరికి. "ఆ రోజు ఇంట్లో దాచితే, నువ్వు మంచం మీద ఉండగా చూస్తాను. ఇక్కడ విప్పితే నువ్వు పని చేస్తుండగా చూస్తాను. అంతేగా?"

"అంతే."

కూతురు కళ్ళు తుడుచుకుని లేచింది. "పట్టుకో ఆ కొసలు."

మెట్ల మీద ఎదురెదురుగా నిలబడి రెండేసి కొసలు పట్టుకున్నారు. ఒక్కసారి దులిపారు. సాయంత్రం ఐదింటికి ఆ వీధిలో తెల్లారింది. సన్నగా వాన పడి, వెంటనే ఆగి, కడిగిన వెలుతురొచ్చింది. దుకాణం షట్టరు సగం దించిన ఒకాయన ఆకాశం చూసి, "ఎవరో రోజు విప్పినట్టున్నారు" అని మళ్ళీ పైకెత్తాడు. హోటల్ అమ్మాయి ఫోను చేసింది. "రోజు మీ సొంతమేనాండీ? అయితే గదికి అద్దె లేదు. టిఫిన్ మాత్రం ఇందులో కలవదు."

అది అమ్మకి ముప్పై ఏళ్ళప్పటి శనివారం. అప్పుడీ కూతురు ఆవిడ కడుపులో ఉంది, తొమ్మిదో నెల. ఆ వెలుతురుకి ఆవిడ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. సూదిలో పోగు మొదటిసారికే ఎక్కింది. మోకాళ్ళు ఏమీ అనలేదు.

పూటంతా కెటిల్ పెట్టి ఆవిరి పట్టారు. దర్జీ పట్టుకుంటే, ఆవిడ చాకు వీపుతో జిగురు గీకింది. ఒక్కసారి కూడా "ఇలాగేనా చేసేది?" అనలేదు. మధ్యాహ్నం నుంచి నేత. అంచులోంచి పోగు లాగడం, తడిపి నిమరడం, ఒక పైన, ఒక కింద. కూతురు మొదటి వరసలో కుర్చీలో కూర్చుంది. దీపాలు వేసేవాళ్ళు, వేదిక ఊడ్చేవాళ్ళు, గంట విని పరుగెత్తుకొచ్చిన కాపలావాడు ఒక్కొక్కరే వచ్చి ఆమె వెనక కూర్చున్నారు. మూరెడు చిరుగు జానెడయింది, జానెడు బెత్తెడయింది. కాపలావాడు ముందుకు వంగి కూతురి చెవిలో ఏదో అడిగాడు. ఫోను నెమ్మదిగా చెప్పింది: "ఆవిడ ఎవరు?"

"మా అమ్మ" అంది కూతురు. బస్సు హారనంత గట్టిగా అంది. నాటకశాల పైవరసల దాకా వినబడింది.

అమ్మ తలెత్తలేదు గానీ, చెవులు ఎర్రబడ్డాయి.

ఇక చిటికెనవేలంత మిగిలింది. శనివారం ఇంకా గంటసేపుంది, ఆవిడకి పది నిమిషాల పని. అప్పుడు సూది ఆపింది. పక్కకి జరిగి, సూదిని దర్జీ చేతిలో పెట్టింది.

"నేనా?" అన్నాడాయన. "చెడిపోతుంది అక్కగారూ!"

"చెడితే విప్పుదాం. టైముంది. కానీ తమ్ముడూ, రేపు ఈ తెర లేచినప్పుడు ఇక్కడుండేది నువ్వు. ఇది నీ చేతిదై ఉండాలి."

మొదటి పోగు వంకరపోయింది, విప్పారు. రెండోదీ విప్పారు. మూడోది కూర్చుంది. ఆ తర్వాత ఆవిడ చూడ్డమే గానీ చెయ్యి పెట్టలేదు. ఆఖరి పోగు దాచి ఆయన సూది పక్కన పెట్టేసరికి వెలుతురు మెల్లగా పాతబడి, శనివారం అయిపోయింది. మళ్ళీ మంగళవారం సాయంత్రం ఐదయింది. తెర లేపి చూశారు, దించి చూశారు. కాపలావాడు దీపం పట్టుకుని వెతికాడు. "ఎక్కడ చేశారు?" అన్నాడు.

అమ్మ, దర్జీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వారు.

వెళ్ళేప్పుడు దర్జీ మిగిలిన ఎర్ర పోగుల్ని ఒక కాగితంలో చుట్టి ఆవిడ చేతిలో పెట్టాడు. మర్నాడు విమానంలో ఆ పొట్లం విప్పితే, కాగితం మీద ఏదో రాసి ఉంది. కూతురు ఫోను దాని మీద పెట్టింది. పైన మంగళవారం తేదీ. "అయ్యా, ముప్పై ఏళ్ళుగా చేస్తున్న ఈ పనికి నేను తగనని తెలిసింది. రేపటి ఆటకి ముందే నన్ను ఉద్యోగంలోంచి వదిలెయ్యండి" అని ఉంది. కింద సంతకం ఉంది. సంతకం మీద ఒక గీత, కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేసి ఉంది.

అమ్మ ఆ కాగితాన్ని మళ్ళీ మడిచి సంచిలో పెట్టుకుంది, శనివారం ఉండే చోట.

కూతురు పరీక్ష రాసింది, గెలిచింది. ఇప్పుడు దుకాణంలో ఆ చెక్క అడ్డం లేదు. ఉండటానికి వీల్లేదని కూతురే వెళ్ళి పీకించింది. స్టూలు వీధి వైపుకొచ్చింది. జనం ఆగి చూస్తారు. "నీ రోజు అయిపోయిందిగా, ఆఖర్న ఏం చేస్తావమ్మా?" అని ఎవరైనా అడిగితే, "అందరూ ఏం చేస్తారో అదే" అని సూదిలోకి పోగు ఎక్కించుకుంటుంది. కూతురు మాత్రం ప్రతి శనివారం డ్యూటీ దిగాక వచ్చి అమ్మ తల దువ్వుతుంది. ఆఖరిదాకా ఆగడం ఎందుకని.

కథ అయింది, లేవబోయే ముందు ఒక్క మాట. రోజు మడతపెట్టడం మీకూ నాకూ రాదు, దేవుడు ఇవ్వలేదు, దాన్ని వదిలెయ్యండి. ఒక్క పని మాత్రం గుర్తుంచుకోండి. తప్పు చేసి తలదించుకున్నవాడి పని మీకు సులువుగా వచ్చేదైతే, మొత్తం మీరే చేసెయ్యకండి. చిటికెనవేలంత మిగల్చండి. పక్కకి జరిగి, సూది వాడి చేతిలో పెట్టండి. వంకరపోతే విప్పండి, మళ్ళీ పెట్టండి. ఈ వారంలో ఒక్కసారి చేసి చూడండి. చేశాక, ఈ కథ ఇంకొకళ్ళకి చెప్పండి.