గంగమ్మకిచ్చిన పడవ

గునపం మూడో దెబ్బకి అడుగుచెక్క విరిగింది. నీళ్ళు బుడబుడమంటూ పడవలోకి ఎక్కాయి. గట్టుమీద అచ్చియమ్మని ఇద్దరు ఆడవాళ్ళు చెరో రెక్కా పట్టుకుని ఆపుతున్నారు.

"బావా, అదేటి పాపం సేసిందని? నన్ను కొట్టు! దాన్నొగ్గీ!"

బంగార్రాజు వెనక్కి తిరగలేదు. పడవల సంఘానికి అతనే పెద్ద. మొన్న చచ్చిపోయిన ఆమె మొగుడు ఆదినారాయణకి సొంత అన్న. మొలలోతు నీళ్ళలో నిలబడి ఇంకో దెబ్బ వేశాడు.

"కట్టుబాటు నానెట్టింది కాదొలే. మొగుడు పోయిన ఆడది అడుగెట్టిన పడవ గంగమ్మది. ఆ తల్లికిచ్చీడమే. దాన్లో జనాన్నెక్కిస్తే ఊరుకుంటాదా?"

వీళ్ళంతా ఛత్తీస్‌గఢ్‌లో, బిలాస్‌పూర్ తార్‌బహార్ పేటలో ఉండి, పొద్దున్నే రైలెక్కి కర్గీ రోడ్‌లో దిగి, కాలువ రేవుకి నడిచే తెలుగు పడవవాళ్ళు. తాతలు విజయనగరం అవతల నుంచి రైలు పనికొచ్చారు. వస్తూ పడవ పనీ తెచ్చుకున్నారు, ఈ కట్టుబాటూ తెచ్చుకున్నారు. ఆనకట్ట కింద కాలువ చెరువంత వెడల్పు. వంతెన స్తంభాలు ఏళ్ళ తరబడి పైన రోడ్డు లేకుండా నిలబడి ఉన్నాయి. అవతలి ఊళ్ళ కూరగాయలు బజారుకి రావాలంటే పడవే దిక్కు.

ఆదినారాయణ కామెర్లతో పోయాడు. దినాలవగానే అచ్చియమ్మ పడవ తోసే గెడ పట్టింది. మొగుడు బతికుండగా ఇరవై ఏళ్ళు ఆ గెడ సగం ఆమే వేసింది. అప్పుడు గంగమ్మకి కోపం రాలేదు. ఇప్పుడెందుకొచ్చిందో ఎవడూ అడగలేదు.

బంగార్రాజు కొడుకు దిలీప్ మాత్రం నల్లద్దాలు పైకెత్తి చిన్నగా అన్నాడు: "దేఖో పిన్నీ, నాకైతే ఇదంతా అంధవిశ్వాస్. నేను నమ్మను. కానీ పెద్దోళ్ళు కదా, క్యా కరే?"

అలా అంటూనే పడవ తాడు బిగించి పట్టుకున్నాడు. అది ఊగకుండా, తండ్రి దెబ్బ గురి తప్పకుండా. నమ్మి కొట్టినవాడికన్నా నమ్మకుండా తాడు పట్టినవాడు పెద్ద దొంగ. ఆ మాట అచ్చియమ్మకి ఎవరూ నేర్పలేదు, ఆ పూటే తెలిసింది.

పడవ మునిగింది. జనం పోయారు. గునపం గట్టున పడుంది. అచ్చియమ్మ దాన్ని చీర చెంగుతో తుడిచి ఇంటికి పట్టుకుపోయింది.

తర్వాత ఆమె రైల్వే యార్డులో కాంట్రాక్టరు కింద పెట్టెలు కడిగే పనిలో చేరింది. రోజుకి మూడొందల యాభై. మందునీళ్ళకి అరచేతులు పొక్కిపోయాయి. రేవు సంగతులు రైల్లో వచ్చే కూరగాయల ఆడవాళ్ళు చెప్పేవారు. దిలీప్ మోటారు పడవ దించాడట. మనిషికి పది రూపాయలున్న రేవు కిరాయి ముప్పై అయిందట, బుట్టకి వేరే పది. మిగిలిన గెడపడవ సన్యాసిరావుది. "లైఫ్ జాకెట్లు లేకుండా నడపకూడదు, సేఫ్టీ ముఖ్యం" అని సంఘం చేత తీర్మానం చేయించి దాన్నీ కట్టేయించాడట దిలీప్. ఒకళ్ళని కట్టుబాటుతో ముంచారు, ఇంకొకళ్ళని సేఫ్టీతో. తండ్రి పాతది పట్టుకుని కొట్టాడు, కొడుకు కొత్తది పట్టుకుని కొట్టాడు. దెబ్బ తిన్నవాళ్ళు మాత్రం ఒకటే.

కార్తీకంలో రెండో మోటారు పడవ వచ్చింది. ఆరు లక్షలు, బ్యాంకు అప్పు. పిక్నిక్ జనం కోసం. ఆ ఆదివారం రేవులో బంతిపూలు, మైకు, లడ్డూలు. బంగార్రాజు పెళ్ళాం అప్పలనర్సమ్మ హారతి పళ్ళెం పట్టుకుని నిలబడింది. చకర్‌భాటా నుంచి రెండు కార్లలో దిగిన కుటుంబాలు నారింజరంగు జాకెట్లు తొడుక్కుని వరసలో ఉన్నాయి. పక్కన కూరగాయల బుట్టలు. దిలీప్ ఫోను ఎత్తి రీలు తీస్తున్నాడు.

"నాన్నా, జర నవ్వు! కొబ్బరికాయ కొట్టు, హా... బస్, బస్!"

కాయ పగిలింది. అందరూ చప్పట్లు కొడుతుంటే అచ్చియమ్మ వరస పక్కనుంచి నడిచొచ్చింది. గోనెసంచిలో చుట్టిన గునపాన్ని బంగార్రాజు కాళ్ళ ముందు పడేసి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని కొత్త పడవ ఎక్కింది. ముందుభాగాన, పసుపు రాసిన చోట బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఒలే! దిగొలే! ఏటిది?"

"ఎక్కీసినాను బావా. అడుగెట్టీసినాను. మొగుడు పోయిందాన్ని. ఈ పడవింక గంగమ్మది. గునపం తెచ్చినాను, నీదే. కొట్టు."

"మదమెక్కిందేటే నీకు? ఇది మోటారు పడవ!"

"అచ్ఛా! గంగమ్మకి డీజిలు పడతాది, నా కాలు పడదా? లేపోతే అప్పు కట్టీదాకా ఆ తల్లి ఆగుతానందేటి?"

కూరగాయల ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అచ్చియమ్మ వాళ్ళవైపు తిరిగి, హిందీలో, ఛత్తీస్‌గఢీలో కలిపి కట్టుబాటంతా చెప్పింది. తన పడవ ఎలా ముంచారో చెప్పింది. విధవ అడుగెట్టిన పడవలో జనాన్నెక్కిస్తే గంగమ్మ ఊరుకోదని ఈ పెద్దాయనే అన్నాడని చెప్పింది. జాకెట్లు తొడుక్కున్నవాళ్ళలో ఒకామె పిల్లాణ్ణి వెనక్కి లాక్కుంది. ఒకాయన జాకెట్టు విప్పడం మొదలెట్టాడు.

దిలీప్ ఫోను దించాడు. "అరే సర్, రుకియే! అదంతా ఝూట్, పాతకాలం మాటలు! పిన్నీ, దిగు, ప్లీజ్."

"ఝూటా? అలాగైతే మీ బాబు చేత అనిపించు. ఈ రేవులో, అందరూ వినీటట్టు అబద్ధమని అనమను. అని, నా పడవ పైకి తీసి చెక్క వేయించమను. లేపోతే ఇదీ ములగాల. రెండే. మూడోది లేదు."

బంగార్రాజు కాళ్ళ ముందున్న గునపాన్నీ, కొత్త పడవనీ చూశాడు. అబద్ధమంటే తమ్ముడి పెళ్ళాం కూడు కొట్టిన దొంగ తనే. నిజమంటే ఆరు లక్షలు కాలువ పాలు. ఇంజను డుగుడుగుమంటోంది.

అప్పుడు అప్పలనర్సమ్మ హారతి పళ్ళెం ఇసకలో పెట్టింది. ఆనాడు అచ్చియమ్మ రెక్క పట్టుకుని ఆపిన ఇద్దరిలో ఆమె ఒకతె. గంగమ్మ పేరు చెబితే ఈనాటికీ ఒళ్ళు గగుర్పొడిచే మనిషి. వంగి, రెండు చేతులా గునపం ఎత్తింది.

"దీని సేతులు నాను పట్టుకున్నాను. నువ్వు నిజమన్నావనే పట్టుకున్నాను" అంటూ గునపాన్ని మొగుడి చేతిలో పెట్టి, అతని వేళ్ళు దానిచుట్టూ మూసింది. "నిజమే కదా? మరి కొట్టు."

అచ్చియమ్మ బాసింపట్టు విప్పి, రెండు పాదాలూ ఎడంగా జరిపి, మధ్యలో పడవ అడుగుని చేత్తో తట్టి చోటు చూపించింది.