వాకబు

ప్రింటరు మూత పైకెత్తి, లోపల ఇరుక్కున్న కాగితాన్ని అరుణాదేవి రెండు వేళ్ళతో పట్టుకుని నెమ్మదిగా లాగింది. కాగితం మడతలు పడి, మధ్యలో చిరిగి బయటికొచ్చింది. దాని మీద ఒక పాప ముఖం. సిరా చారలు పడి ముక్కూ నోరూ కలిసిపోయాయిగానీ కళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. కింద ఇంగ్లీషులో లావుపాటి అక్షరాలతో సాయం చెయ్యమని వేడుకోలు.

మళ్ళీ ఇంకొకటి వచ్చిందన్నమాట అనుకుంది. వేళ్ళకంటిన సిరాని పాత పేపరు ముక్కకి తుడుచుకుని, మూత కాస్త గట్టిగానే మూసింది.

పంజాగుట్టలో ఒక నగల దుకాణం పైన, మూడో అంతస్తులో ఉన్న ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆమె ఉద్యోగానికి ఫ్రంట్ ఆఫీస్ అని పేరు. పని మాత్రం నీళ్ళ క్యాన్లవాడికి ఫోన్ చెయ్యడం, కొరియర్ కవర్లు అందుకోవడం, కాఫీ మెషీన్‌లో పొడి పొయ్యడం, ఎవరి పుట్టినరోజైతే వాళ్ళకి కేకు తెప్పించడం. ఏసీ కారితే బకెట్ పెట్టేదీ ఆమే. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నటి మెడ, కొంచెం ముందుకి వంగిన భుజాలు, చెవుల దగ్గర నెరిసిన జుట్టు, ఎప్పుడూ గంజి పెట్టిన నేత చీర. తన వయసులో సగం కూడా లేని పిల్లలు ‘అరుణగారూ’ అని మర్యాదగా పిలిచి మరీ పని చెబుతారు. ఆ పనులకి తోడు ఏడాదిగా ఈ వాకబు ఒకటి మీద పడింది.

ఆఫీసు మెయిళ్ళలో వారానికి రెండు మూడు వేడుకోళ్ళు వస్తాయి. ఒకరికి గుండెలో రంధ్రం, ఒకరికి కాలేజీ ఫీజు, ఇంకొకరి ఇల్లు కాలిపోయింది. అలాంటిది వచ్చిన రోజున భోజనాల బల్ల దగ్గర తగువే తగువు. ఇవ్వాలని కొందరు, అన్నీ మోసాలేనని కొందరు. ఒకసారి ఎవరో కుర్రాడికి ఆపరేషన్ అని వస్తే, ఇంటికి వెళ్ళేదారే కదా అని ఆమె ఆసుపత్రిలో అడిగింది. ఆ పేరుగల రోగే అక్కడ లేడని తేలింది. ఆ రోజు ఆఫీసంతా ఆమెని మెచ్చుకుంది. ఆ మెప్పుకి ఇప్పటికీ ఆమె వడ్డీ కడుతూనే ఉంది. ఎర్రమంజిల్ వెనక సందులో ఇల్లుండటం, దారిలో ఆసుపత్రులుండటం ఆమె చేసుకున్న నేరాలు.

పదకొండు దాటాక మంజూష వచ్చింది. టీమ్ లీడరు, మంచి పిల్ల, కళ్ళు ఇట్టే చెమ్మగిల్లుతాయి. శిరీష అనే ఆ ఎనిమిదేళ్ళ పాపకి రెండు కిడ్నీలూ పోయాయట. పక్కనే పంజాగుట్ట ఆసుపత్రిలో ఉందట. అందరూ ఇవ్వడానికి ఒప్పుకున్నారు, చేతిలో కవరు అప్పుడే ఉబ్బింది. భోజనం వేళ ఒక్కసారి వెళ్ళి చూసి రమ్మని అడిగింది. తనకి పన్నెండున్నరకి ఏసీవాడు వస్తాడని అరుణాదేవి చెప్పి చూసింది. ఏసీవాడిని తాను చూసుకుంటానంది మంజూష.

ఎండ మాడుస్తోంది. ఫ్లైఓవర్ కోసం తవ్విపోసిన మట్టి మీద ఇనుప చువ్వలు ఆకాశం వైపు లేచి ఉన్నాయి. రోడ్డు దాటడానికే ప్రాణం మీదికొచ్చింది. ఆటోవాడొకడు పాదం మీదుగా పోనిచ్చినంత పని చేశాడు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, టిఫిన్ డబ్బా తెరవకుండానే వచ్చినందుకు తనని తానే తిట్టుకుంటూ నడిచింది.

కాగితంలో ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే, అజహర్ అనే మనిషి ఆసుపత్రి మెట్ల దగ్గర ఎదురొచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. మాసిన తెల్లచొక్కా, నిద్రలేని కళ్ళు. మైత్రీవనం వెనక కాంప్లెక్స్‌లో నెట్ సెంటర్ నడుపుతాడట. పాపని చూడాలంది ఆమె. అతను ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, రండి మేడమ్ అని లోపలికి తీసుకెళ్ళాడు.

మగవాళ్ళ వార్డు. గోడవార మంచం మీద యాభై ఏళ్ళ మనిషొకడు కాళ్ళు వాచి, ముఖం ఉబ్బి, గెడ్డం మాసి ఉన్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో గురగుర. కాళ్ళ దగ్గర కింద కూర్చున్న ఆడమనిషి గబగబా లేచి నిలబడింది.

"పాపేదీ?" అంది అరుణాదేవి.

"పాప లేదు మేడమ్. పేషెంటు ఈయననే. సాయిలు. మా కాంప్లెక్సుకు వాచ్‌మెను. ఆమె లచ్చమ్మ, ఈయన భార్య."

అరుణాదేవికి ఒళ్ళు మండింది. అంత ఎండలో, తిండి మానుకుని, ఇందుకా తాను వచ్చింది. అలికిడికి సాయిలు కళ్ళు తెరిచి ఆమెని చీర అంచు నుంచి చేతిసంచి దాకా చూశాడు.

"పైసలియ్యనీకి వచ్చినవా, సూడనీకి వచ్చినవా?"

"చూడ్డానికే," అంది ఆమె. ఉన్నమాటే.

అతను అటు తిరిగి పడుకున్నాడు. లచ్చమ్మ చేతులు జోడించి, ఆయన తీరే అంత, మనసులో పెట్టుకోకమ్మా అని బతిమాలింది.

వరండాలోకి వచ్చాక అజహర్ తప్పించుకోవాలని చూడలేదు. అన్నీ తనే చెప్పాడు. సాయిలు తాగుతాడు. కాంప్లెక్స్‌లో అతనితో గొడవపడని దుకాణదారు లేడు, తనతో సహా. కానీ ఆరేళ్ళుగా రోజూ తన షాపు షట్టర్‌కి వీపు ఆనించుకుని పడుకున్నది కూడా అతనే. జబ్బు చేశాక కాంప్లెక్స్ ఓనరు వేరే మనిషిని పెట్టుకున్నాడు.

"ముందుగాల నిజమే రాసిన మేడమ్. సాయిలు, వాచ్‌మెను, డయాలసిస్‌కు పైసల్లేవు అని. ఫొటో సుత పెట్టిన. ఒక్కడు ఫోన్ చెయ్యలే. అప్పుడు పాప అని రాసిన. తెల్లారేసరికి ఫోన్లే ఫోన్లు. కొందరు పంపిన్రు సుత. ఒక్క పైస నేను ముట్టలే, ఇక్కడనే కట్టిన."

"ఆ ఫొటోలో పాపెవరు?"

"నా బిడ్డనే. నూరీన్. మంచిగనే ఉంది, బడికి పోయింది."

"కన్నకూతురికి జబ్బని రాయడానికి చేతులెలా వచ్చాయయ్యా?"

అజహర్ వరండా పిట్టగోడ మీద గోరుతో గీశాడు. "రాలే మేడమ్. మా ఇంట్ల ఆమె నాతోని మాట్లాడుడు బంద్ చేసింది."

ఆమె మెట్లు దిగి రోడ్డెక్కింది. తిరిగి నడుస్తున్నంతసేపూ కోపం ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. అబద్ధం రాసినవాడి మీద పెడదామంటే వాడి ముఖం అడ్డొస్తోంది. ఆ తాగుబోతు మీద పెడదామంటే వాచిన కాళ్ళు అడ్డొస్తున్నాయి.

ఆఫీసులో ఏసీవాడు రాలేదు, బకెట్ నిండి పొర్లింది. గుడ్డ తెచ్చి నేల తుడుస్తూనే మంజూషకి చూసిందంతా చెప్పింది. పాప లేదు. మనిషున్నాడు. జబ్బు నిజం, డబ్బు లేదన్నది నిజం. మంజూష ముఖంలో జాలి మెల్లమెల్లగా ఇంకిపోయింది. ఎవరి డబ్బు వాళ్ళకి ఇచ్చేయమని కవరు పక్కవాళ్ళకి అందించింది. ఇది మోసం, ఎవరూ పంపకండి అని మెయిల్ కూడా వెళ్ళిపోయింది.

"అబద్ధం చెప్పినవాళ్ళకి ఎలా ఇస్తామండీ?" అంది, తనలో తాను సర్ది చెప్పుకుంటున్నట్టుగా. ఆపైన ఆమె వైపు తిరిగింది. "మీరైతే ఇస్తారా అరుణగారూ?"

"నేనివ్వను," అంది అరుణాదేవి, గుడ్డ పిండుతూ.

మళ్ళీ మమ్మల్ని కాపాడారు అని మంజూష ఆమె భుజం తట్టి వెళ్ళింది. ఆ తట్టిన చోట మధ్యాహ్నమంతా చిరాగ్గానే ఉంది.

సీటు దగ్గర కూర్చుని చల్లారిన పెరుగన్నం తింటుంటే చనిపోయిన భర్త గుర్తొచ్చాడు. ఆయన పేరు రామ్మోహనరావు. ఎర్రగడ్డలో పుస్తకాల హోల్‌సేల్ కొట్లో బిల్లులు రాసేవాడు. ఇద్దరు అన్నదమ్ములతోనూ మాటల్లేవు. పక్కవాటా వాళ్ళతో నీళ్ళ కోసం, పాలవాడితో చిల్లర కోసం తగువు. లివర్ చెడి మంచం పట్టాక చుట్టాలు బత్తాయిలు పట్టుకుని వచ్చారు. గడపలో చెప్పులు వేసుకుంటూ, చేసుకున్నదే కదమ్మా అని ఆమెకి వినపడేలా అనుకుని వెళ్ళారు. ఎవరొచ్చినా ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆమె ఎవరినీ చెయ్యి చాచి అడగలేదు, గాజులు అమ్మింది. అదొక గొప్పగా ఇన్నాళ్ళూ చెప్పుకుంది. ఇవాళ మొదటిసారి, ఒకవేళ అడగాల్సి వస్తే ఆయన గురించి ఏం రాసి ఉండేదాన్ని అనిపించింది. మంచివాడని రాస్తే అబద్ధం. ఉన్నదున్నట్టు రాస్తే ఒక్కరూ చదవరు. ఆయన చిన్నప్పటి ఫొటో ఒకటి పెట్టెలో ఉండాలి, మెడలో పలక వేలాడేసుకుని, బుగ్గలతో ముద్దుగా ఉండేవాడు. దానికైతే ఇచ్చేవాళ్ళేమో.

ఆ ఆలోచనకి తన మీద తనకే విసుగొచ్చింది. డబ్బా కడుక్కుని, నీళ్ళ క్యాన్లవాడికి ఫోన్ చేసి, ఆలస్యమైనందుకు నాలుగు చీవాట్లు పెట్టింది.

సాయంత్రం ఆఫీసు నుంచి బయటపడి ఇంటివైపు తిరగాల్సిన చోట తిరగలేదు. చేతిసంచిలో గ్యాసు బండ కోసం దాచిన డబ్బుంది. ఇదెక్కడి పీడ నాకు అని పైకే అంటూ ఆసుపత్రి మెట్లెక్కింది. వాళ్ళని జాలి చూపించి చంపకూడదు, చేతిలో పెట్టేసి వచ్చెయ్యాలి అనుకుంది. సాయిలు మళ్ళీ ఏమైనా అంటే తనూ అనాలనుకుంది.

మంచం మీద దుప్పటి లేదు. రెగ్జిన్ పరుపుని ఆయా తడిగుడ్డతో తుడుస్తోంది. అజహర్ ఒక ప్లాస్టిక్ సంచిలో గిన్నె, గ్లాసు, లచ్చమ్మ మరిచిపోయిన శాలువా సర్దుతున్నాడు. ఆమెని చూసి నిటారుగా నిలబడ్డాడు.

"మీరు పోయినంక జరసేపటికే పోయిండు మేడమ్. వ్యాన్ల ఊరికి తీస్కపోయిన్రు."

ఆమె సంచి తెరిచి డబ్బు తీసింది. అతను వెనక్కి తగ్గాడు.

"ఇప్పుడెందుకు మేడమ్, మనిషే లేకపాయె."

"వ్యానువాడు ఊరికే తీసుకెళ్ళాడా? పట్టుకోండి. నాతో వాదించకండి, పొద్దున్నుంచీ అందరితో పడలేక చస్తున్నాను."

అజహర్ రెండు చేతులతో అందుకున్నాడు. లచ్చమ్మకి చేరుస్తానన్నాడు. అంతలో అతని జేబులో ఫోన్ మోగింది. విని, ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు. దుబాయ్ నుంచట. ఆ మెయిల్ ఎక్కడెక్కడికో పోయిందని, ఇక ఆపడం తన వల్ల కాదని చెప్పాడు.

"ఏమడుగుతున్నారు?"

"పాప ఎట్లుందని."

"ఏం చెప్పారు?"

"మంచిగనే ఉందని చెప్పిన. పైసలొద్దని చెప్పిన."

అతను సంచి భుజానికి వేసుకుని, సలాం చేసి వెళ్ళిపోయాడు. అరుణాదేవి మంచం పక్కనున్న ఇనుప స్టూలు మీద కూర్చుంది. ఆయా దిండు గలీబు విప్పి దులిపింది. అందులోంచి ఏదో కింద పడింది. వంగి తీసి, ఊపిరందక కొట్టుకుంటూ కూడా ఇది వదల్లేదు చూడమ్మా అని ముక్కున వేలేసుకుంది.

అరుణాదేవి ఎప్పటిలాగే ఒక విసురు మాట అనబోయింది. అనలేదు.

ఆయా దాన్ని కిటికీ గట్టు మీద పడేసి, పక్క మంచం వాళ్ళు పిలిస్తే అటు వెళ్ళింది. ఎర్ర దారం వదులై, సగం ఖాళీ అయిన బీడీల కట్ట, తలగడ బరువుకి నలిగి, తల ఆనినంత మేర లోపలికి సొట్టపడి ఉంది.