రెండడుగుల దూరం

ఆదివారం సాయంత్రం ఎనభై తొమ్మిదో నిమిషంలో ఔడున్ ఈల ఊది పెనాల్టీ ఇచ్చాడు. గురువారం పొద్దుటికి కూడా ఆ ఈల అతని సొంతూరు స్యోవిక్‌లో మోగుతూనే ఉంది.

ఆడిన రెండు జట్లూ ఎక్కడో తూర్పువైపువి. వాటికీ స్యోవిక్‌కీ సంబంధమే లేదు. కాని ఆ పెనాల్టీతో వాటిలో ఒకటి గట్టెక్కింది. దాని బదులు స్యోవిక్ జట్టు కింది డివిజన్‌కి జారిపోయింది. పక్షపాతం రాకూడదని రిఫరీకి సొంత ఊరి జట్టు ఆట ఇవ్వరు. ఎక్కడో ఊదిన ఈలతో సొంత ఊరే మునుగుతుందని ఫుట్‌బాల్ సమాఖ్యవాళ్లకి తోచినట్టు లేదు.

ఔడున్‌కి ఈల పని వారానికి ఒక రోజు. మిగతా రోజుల్లో ఊరి అగ్నిమాపక శాఖలో పొగగొట్టాలు దులుపుతాడు. ఏ వీధికి ఏ రోజు వస్తాడో వారం ముందే ప్రతి తలుపుకీ చీటీ అంటిస్తారు. మామూలుగా జనం ఆ చీటీ చూసి, పొయ్యి ఆర్పి, తమ పనులకి పోతారు. అతను నిచ్చెన వేసుకుని కప్పెక్కి, ఇనుపగుండు కట్టిన బ్రష్షు గొట్టంలోకి వదిలి, మసి దులిపి వెళ్లిపోతాడు. ఈ గురువారం మాత్రం వీధి వీధంతా పని మానుకుని ఇంటిపట్టున కూర్చుంది.

"ఔడున్! అక్కణ్ణించైనా సరిగ్గా కనిపిస్తోందా?" అని ఒకాయన కింద నించి అరిచాడు.

"నిచ్చెన దగ్గర జారిపడకండర్రా, పెనాల్టీ ఇచ్చేస్తాడు!" అంది ఎదురింటావిడ, చెత్తబుట్ట బయటపెడుతూ.

ఔడున్ బ్రష్షు గొట్టంలోకి వదిలాడు. అతని కోటు జేబులో సమాఖ్య నించి వచ్చిన ఉత్తరం ఉంది. జనవరి నించి పదిమంది రిఫరీలని పూర్తికాలం ఉద్యోగులుగా తీసుకుంటారట. జీతం, వైద్యుడు, మోకాళ్లకి మర్దన చేసే మనిషి, అన్నీ ఉంటాయి. వేరే ఉద్యోగం మాత్రం ఉండకూడదు. శుక్రవారం మధ్యాహ్నంలోగా జవాబివ్వాలి.

"వద్దని రాసేస్తాను," అన్నాడు పొద్దున భార్య గున్‌వోర్‌తో. "మసి పని వల్ల నా ఈలకి ఏనాడూ లోటు రాలేదు."

"మరి వద్దనేదానికి నాలుగు రోజుల్నించీ దాన్ని జేబులో ఎందుకు మోస్తున్నావ్?" అని ఆవిడ కాఫీ పోసింది.

వీధిలో చివరి ఇల్లు కొల్బెయిన్‌ది. ఔడున్‌తో చదువుకున్నవాడు, ఊరి జట్టు ఆడితే మైదానంలో డప్పు కొట్టేది వాడే. ఆదివారం పొద్దున వాళ్ల పొగగొట్టం అంటుకుంది. చిన్న ఊరు కనక దులిపేవాడే ఆర్పేవాడు కూడా. ఔడునే వచ్చి ఆర్పాడు. మళ్లీ పరీక్ష చేశాకే పొయ్యి వెలిగించాలని చెప్పి వెళ్లాడు.

"బూట్లు విప్పి రా," అన్నాడు కొల్బెయిన్ గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని. "రిఫరీలకైనా అదే రూలు."

ఔడున్ మేజోళ్లతో వెళ్లి, గొట్టంలో దీపం దించి, కిందనించి అద్దం పెట్టి చూశాడు. తర్వాత పైజేబులోంచి పసుపుపచ్చ నోటీసు కాగితాల కట్ట తీశాడు. మైదానంలో కార్డు తీసేదీ ఆ జేబులోంచే, ఆ రంగే.

"పగులుంది. బాగు చేయించేదాకా రాజేయకూడదు."

"కసి తీర్చుకుంటున్నావేంట్రా?"

ఔడున్‌కి ఒక్క క్షణం తనమీద తనకే అనుమానం వచ్చింది. అద్దం వాడి చేతికిచ్చాడు. "నువ్వే చూడు."

కొల్బెయిన్ పొయ్యిలో తల దూర్చి చాలాసేపు చూశాడు. నల్లబడ్డ ముక్కుతో బయటికొచ్చాడు. "ఉంది," అన్నాడు. "ఆదివారం కూడా ఇలాగే చూసి ఊదుంటే నీ సొమ్మేం పోయింది?"

"ఇద్దరూ ఇటు రండి," అని లోపల్నించి గొంతు వినిపించింది. కొల్బెయిన్ తల్లి బోర్గిల్డ్. ఇద్దరికీ లెక్కలు చెప్పిన టీచరు. ఎనభై దాటినా ఆవిడ పిలిస్తే ఇద్దరి వీపులూ నిటారుగా అయిపోతాయి.

బల్లమీద వాఫిల్స్, గోధుమరంగు జున్ను ఉన్నాయి. టీవీలో ఆదివారం ఆట ఒకచోట ఆగి ఉంది. ఆవిడ చేతిలో బడినాటి చెక్క స్కేలు.

"బంతి ఇదిగో. ఈ అబ్బాయి కాలు తగిలింది బంతికే, ఆ రెండోవాడికి కాదు. నువ్వెక్కడున్నావ్ నాయనా?"

ఔడున్ తెరమీద తనని చూసుకున్నాడు. తనకీ బంతికీ నడుమ ఒక ఆటగాడి వీపు అడ్డం.

"ఇంకో రెండడుగులు ముందుంటే?"

"కనిపించేది, టీచర్." నాలుగు రోజుల్లో ఆ మాట అనడం అదే మొదలు. అన్నాక ఒక వాఫిల్ అందుకున్నాడు.

"మరి ఎందుకు లేవు?" ఇంటిలెక్క ఎందుకు చేయలేదని అడిగినట్టే ఉంది.

"మోకాళ్లు బిగుసుకుపోయాయి. పొద్దున మూడు గంటలు కప్పుమీద మోకరించి ఉన్నాను. దిగి ఇంటికైనా పోలేదు. అట్నించటే ఫెర్రీ, విమానం, మైదానం."

"ఎవరి కప్పుమీద?"

ఔడున్ పళ్లెంలోకి చూశాడు. కొల్బెయిన్ చేతిలో ఫోర్కు గాల్లోనే ఆగింది.

"మాదే," అన్నాడు కొల్బెయిన్ నీళ్లు నములుతూ.

"ఎందుకు అంటుకుంది?"

"కట్టెలు కొంచెం..."

"పచ్చివి!" అందావిడ. "ఏప్రిల్లో కొట్టి ఆరబెట్టరా అంటే సెప్టెంబరులో కొట్టాడు. పచ్చికట్టెలకి పొగ, పొగకి మసి, మసికి మంట, మంటకి ఇతని మోకాళ్లు, మోకాళ్లకి పెనాల్టీ. అంటే మన జట్టుని ముంచింది..."

"అమ్మా, నీకు దండం పెడతాను, ఆ మాట ఈ గోడ దాటనివ్వకు!"

కొల్బెయిన్ తేరుకోవడానికి రెండు గుక్కల కాఫీ పట్టింది. తేరుకోగానే బల్ల గుద్దాడు. "అందుకేరా నేననేది! రిఫరీ అన్నవాడు పూర్తికాలం రిఫరీగానే ఉండాలి. రెండు పడవల మీద కాళ్లు పెడితే ఇలాగే ఉంటుంది."

"ఉంటాను, రమ్మని సమాఖ్య నించి ఉత్తరం కూడా వచ్చింది. అప్పుడు మళ్లీ అంటుకుంటే నీ ఇంటికెవరు వస్తారు?"

"అవతలి ఒడ్డున ఇంకొకడున్నాడుగా?"

"ఆదివారం మొదటి ఫెర్రీ తొమ్మిదిన్నరకి. నువ్వు నాకు ఫోన్ చేసింది ఆరున్నరకి."

కొల్బెయిన్ ఇంటికప్పువైపు చూసి, మనసులో దాన్ని మూడు గంటలు తగలబెట్టి చూసుకున్నాడు. "అయితే నువ్వీ ఉద్యోగం మానకురా. ఆ ఈలే మానెయ్. అయినా ఆ ఆటకి పూర్తికాలం ఎందుకు, వారానికి తొంభై నిమిషాలేగా!"

స్కేలు బల్లమీద టప్పున పడింది.

"ఊరికేం కావాలో ఊరు చెప్పింది," అంది బోర్గిల్డ్. "నీకేం కావాలి?"

సమాఖ్య కూడా ఆ ప్రశ్న అడగలేదు. ఔడున్ తెరమీద ఆగిపోయిన తనని ఇంకోసారి చూశాడు.

"ఆ రెండడుగులు కావాలి, టీచర్."

ఆవిడ పెన్ను అందించింది. ఉత్తరం తీసి, జున్ను పళ్లెం పక్కకి జరిపి, ఒప్పుకున్నట్టు సంతకం చేశాడు. కాగితం మూల నల్లటి బొటనవేలి ముద్ర పడింది. సమాఖ్య ఆఫీసులో దాన్ని చూసి ఇదేదో కొత్త నిబంధన అనుకుని, మిగతా తొమ్మిదిమంది నించి కూడా వేలిముద్రలు తెప్పించారని తర్వాత తెలిసింది.

ఏప్రిల్లో కొత్త ఆటలు మొదలయ్యాయి. మొదటి ఆటకి ముందు ఔడున్ ఎనిమిది గంటలు నిద్రపోయాడు. మోకాళ్లకి మర్దన జరిగింది. గోళ్లలో మసి లేదు. డెబ్బయ్యో నిమిషంలో లేడిలా పరిగెత్తి, బంతికి అడుగు దూరంలో నిలబడి, అడ్డం ఎవరూ లేకుండా కళ్లారా చూసి, ఈల ఊది పెనాల్టీ ఇచ్చాడు.

అదీ తప్పే.

బట్టలు మార్చుకునే గదిలో ఫోన్ తెరిస్తే కొల్బెయిన్ పంపిన ఫొటో ఉంది. బాగుచేసిన పొయ్యి, దాని పక్కన కప్పుదాకా పేర్చిన ఎండుకట్టెలు. కింద రెండు ముక్కలు రాశాడు:

"ఇవాళ మా ఇంట్లో పొగ కూడా రాలేదు. ఈ తప్పు మాత్రం అచ్చంగా నీదేరా."